ఒక్క మాత్ర వెనక్కి

ఆదోనిలో ఎవరైనా "ఏం పని చేస్తావప్పా?" అని అడిగితే "సంగీతం కడతాను" అని చెప్పి చూశాను. "ఏ సినిమాకి?" అంటారు వెంటనే. సినిమాకి కాదంటే "ఆల్బమ్మా?" అంటారు. అదీ కాదంటే జాలిపడి టీ తాగిస్తారు. అందుకని ఇప్పుడు హార్మోనియం మాస్టర్నని చెప్పుకుంటున్నాను. అదీ నిజమే. సాయంత్రాలు పిల్లలకు సరళీ స్వరాలు, జంట స్వరాలు చెప్తాను. పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకం పడితే పెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కుతాను. శ్రావణ మాసం వస్తోందంటే ఉరుకుంద ఈరన్న స్వామి మీద పాటలు రికార్డు చేయించుకునేవాళ్ళు వస్తారు, వాళ్ళకు ట్రాకులు కట్టిస్తాను. ఇన్నిటి మధ్య మిగిలిన పొద్దు నాది. మూడో నాలుగో స్వరాలు పట్టుకుని, వాటినే తిప్పి తిప్పి, అరగంట సేపు నిలబెట్టే పని అప్పుడు చేసుకుంటాను.

దీన్ని పాశ్చాత్య దేశాల్లో మినిమలిజం అంటారు. 1960లలో అమెరికాలో మొదలైంది. లా మాంట్ యంగ్, టెర్రీ రైలీ, స్టీవ్ రైష్, ఫిలిప్ గ్లాస్ అని నలుగురి పేర్లు చెప్తారు. కొద్ది సరుకు, చాలా తిప్పుడు, బహు నెమ్మదిగా మార్పు. సిద్ధాంతం ఇంతే. దీంతో బతుకు వెళ్ళదని వాళ్ళకూ తొందరగానే తెలిసింది. గ్లాస్, రైష్ కలిసి కొన్నాళ్ళు న్యూయార్క్‌లో ఇళ్ళ సామాన్లు మోసే పని చేశారు. గ్లాస్ కొళాయిలు బిగించాడు, టాక్సీ తోలాడు. 1976లో ఆయన ఒపేరా ‘ఐన్‌స్టయిన్ ఆన్ ద బీచ్’ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌసులో ఆడితే జనం కిటకిటలాడారు. అదయ్యాక కూడా ఆయన మళ్ళీ టాక్సీ ఎక్కాడు. ఇది చదివాక నాకు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించడం మీద ఉన్న చిన్నతనం పోయింది.

మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. అంటే మా తాతల కాలంలో నాటకమంటే చూపు బళ్ళారి వైపే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ అందరూ అక్కడివాళ్ళే. పద్యాన్ని రాగం తీసి పాడే నాటకం అక్కడ నిలదొక్కుకుని ఈ పల్లెలకు పాకింది. నేను పని నేర్చుకున్నది ఆ నాటకాల్లోనే.

నాటకంలో హార్మోనిస్టు పని బయటికి కనపడేదానికన్నా చాలా ఎక్కువ. పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించాలి. నటుడు రాగం తీస్తుంటే వెంట పోవాలి, ముందు పోకూడదు. ఆయన ఊపిరి అందక ఆగినచోట ఆ ఖాళీని ఒక్క స్వరంతో మోయాలి. జనం "వన్స్ మోర్" అని కేకలేస్తే అదే పద్యం మళ్ళీ, మళ్ళీ. తెల్లవారుజామున హరిశ్చంద్రలో కాటి సీను నడిచేసరికి ఒకే షడ్జాన్ని ఎంతసేపు పట్టుకుంటే జనం ఊరుకుంటారో, ఎక్కడ దగ్గడం మొదలుపెడతారో వేలికి తెలిసిపోతుంది. కళాశాలలో స్వరకల్పన చదువుకున్నవాళ్ళకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

హార్మోనియానికి మన సంగీతజ్ఞుల దగ్గర పెద్ద గౌరవం లేదు. ఆకాశవాణి 1940లో దాన్ని గడప తొక్కనివ్వకుండా నిషేధించింది, ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. దాని నేరం గమకం పలక్కపోవడం. మెట్టు నొక్కితే ఉన్న స్వరం ఉన్నట్టు వస్తుంది, ఊగదు, జారదు. తోడి రాగం వాయించమంటే తోడి స్వరాలు వస్తాయి గానీ తోడి రాదు. సరిగ్గా ఈ లోపమే నాకు పెట్టుబడి అయింది.

ఎట్లాగంటే, గ్లాస్ 1980లో ‘సత్యాగ్రహ’ అనే ఒపేరా కట్టాడు. దక్షిణాఫ్రికాలో గాంధీ కథ. పాడేదంతా భగవద్గీత శ్లోకాలే, సంస్కృతంలోనే. మొదట నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ఆడింది. చివర గాంధీ వేషధారి పాడే పాటలో ఒక ఆరోహణ ఉంది, కింది నుంచి పైకి ఎనిమిది మెట్లు. అదే మళ్ళీ, అదే మళ్ళీ. మా నాటకాల వాళ్ళు ఎవరు విన్నా "ఇది తోడి గదా" అంటారు. స్వరాలు తోడివే. గమకం మాత్రం లేదు. గమకం లేదు కాబట్టే అన్నిసార్లు తిప్పినా నిలబడింది. మన గాంధారాన్ని ఊపి పాడితే ఒక్కసారి పాడినా అందులో ఒక కథ నడిచిపోతుంది. దాన్నే ముప్పైసార్లు వరసగా పాడితే వినేవాడికి వెగటు పుడుతుంది. తిప్పి తిప్పి కట్టాలంటే స్వరం ఇటుక మాదిరి సాదాగా, అంచులు తెగి ఉండాలి. అందుకే నా సొంత ముక్కలకు వయొలిన్ జోలికి పోను. పెట్టె చాలు.

గ్లాస్‌కు ఈ దారి తట్టడంలో మనవాళ్ళ చెయ్యి ఉంది. 1960ల నడుమ ఆయన పారిస్‌లో నాదియా బూలాంజే అనే గురువు దగ్గర చదువుకుంటూ, ఒక సినిమాకు రవిశంకర్ కట్టిన సంగీతాన్ని అక్కడి వాద్యగాళ్ళు చదువుకునేట్టు రాసిపెట్టే పనికి కుదిరాడు. రాసింది వాయిస్తే ఊనిక ఎక్కడెక్కడో పడుతోంది. తబలా మీద ఉన్న అల్లారఖా స్వరాలన్నీ సమానమేనని పదే పదే చెప్పాడట. చివరికి గ్లాస్ స్వరాల మధ్య గీసిన అడ్డగీతలన్నీ చెరిపేశాడు. అప్పుడు కుదిరింది. 1968లో ఆయన కట్టిన ‘టూ పేజెస్’ విన్నవాళ్ళకు ఆ చెరిపివేత ఏం చేసిందో తెలుస్తుంది. మంద్ర పంచమం, షడ్జం, రిషభం, సాధారణ గాంధారం, మధ్యమం. అయిదే స్వరాలు. ఆ అయిదింటికి రెండు కలుపుతాడు, మూడు కలుపుతాడు, మళ్ళీ తగ్గిస్తాడు. సరళీ వరసలు, అలంకారాలు చెప్పుకుని బతికే నాకు అది విన్నప్పుడు నవ్వొచ్చింది. మా పిల్లలు రోజూ సాయంత్రం చేసే సాధనకు దగ్గరి చుట్టం అది. మేము దాన్ని గీతానికి, వర్ణానికి పోయే మెట్టు అనుకుని తొందర తొందరగా దాటేస్తాం. ఆయన ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

ఇక ఈ తిప్పుడును నేను చిన్నప్పుడే విన్న ఎమ్మిగనూరు సంగతి. ఆదోని నుంచి సుమారు 30 కిలోమీటర్లు. పత్తి, నూనెమిల్లుల ఊరు ఆదోని అయితే, మగ్గాల ఊరు ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పుట్టింది. దుప్పట్లు, తువ్వాళ్ళు ఊరి పేరుతోనే అమ్ముడుపోయిన రోజులున్నాయి. మా అమ్మగారి వైపు చుట్టాల ఇంట్లో నా చిన్నతనంలో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకటి వెడల్పుది, దుప్పట్లకు. ఒకటి ఇరుకుది, తువ్వాళ్ళకు.

మగ్గానికి మూడు చప్పుళ్ళు. కాలి కింద తొక్కుడు చెక్క దిగే మెత్తటి చప్పుడు, నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తే చప్పుడు, పేకను దగ్గరకు కొట్టే గుద్దు. వెడల్పు మగ్గంలో నాడెకు దూరం ఎక్కువ, కాబట్టి గుద్దుకూ గుద్దుకూ నడుమ ఎడం ఎక్కువ. ఇరుకు మగ్గం గబగబా నడుస్తుంది. ఇద్దరూ ఒకేసారి నేత మొదలుపెట్టినా కాసేపటికి గుద్దులు విడిపోతాయి. ఒకటి ఇంకొకదాని వెనకాల పడుతుంది, తర్వాత సరిగ్గా నడిమధ్యన పడుతుంది, ఆ తర్వాత ముందుకొస్తుంది. ఉన్నట్టుండి రెండు గుద్దులూ ఒక్కటై ఇల్లంతా దద్దరిల్లుతుంది. మళ్ళీ విడిపోతాయి. విడిపోయినప్పుడు ఆ రెండు మగ్గాలూ వాయించని మూడో దరువు ఒకటి చెవిలో పుడుతుంది. కండె అయిపోయి ఎవరో ఒకరు ఆగితే ఆ మూడోది చచ్చిపోతుంది.

స్టీవ్ రైష్ 1965లో రెండు టేప్ రికార్డర్ల మీద ఒకే మాట ఎక్కించి ఒకేసారి వదిలాడు. శాన్ ఫ్రాన్సిస్కో వీధిలో ఒక ప్రబోధకుడు వాన రాబోతోందని అరిచిన మాట. రెండు మిషన్ల వేగాల్లో వెంట్రుకవాసి తేడా ఉండడంతో ఒక గొంతు మెల్లగా రెండోదాని నుంచి జారడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని సరిచేయకుండా పోనిచ్చాడు. రెండేళ్ళకు మనుషులతోనే, రెండు పియానోల మీద, అదే జారుడు రాశాడు. ‘పియానో ఫేజ్’ అని దాని పేరు. నేను అది సెల్‌ఫోనులో విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఇది మా చుట్టాల వసారా గదా అనుకున్నాను.

ఆ ఉత్సాహంలో మగ్గాల చప్పుడు రికార్డు చేసి, దాని మీద హార్మోనియంతో మూడు స్వరాలు పరిచి ఒక ముక్క కట్టాను. తీసుకుపోయి ఎమ్మిగనూరులో నేత నేసే మా చిన్నాన్నకు వినిపించాను. సగం దాకా ఓపికగా విన్నాడు.

"బాగుంది లేరా. పగలంతా ఇదే గదా మాకు. రాత్రి గూడా ఇదే ఇనాల్నా? పాట పెట్టు."

ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ సంగీతాన్ని గురించి పుస్తకాల్లో ధ్యానమనీ, కాలం కరిగిపోవడమనీ రాస్తుంటారు. రాసేవాళ్ళు కుర్చీలో కూర్చుని వినేవాళ్ళు. తిరగలి తిప్పేవాళ్ళకు, పేక కొట్టేవాళ్ళకు, జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తి పోసేవాళ్ళకు తిప్పుడంటే కూలి, నడుం నొప్పి. వాళ్ళ చప్పుడు తీసుకుపోయి వాళ్ళకే కళ అని వడ్డించడంలో ఏదో తేడా ఉంది.

అయితే అదే చిన్నాన్న శనివారం రాత్రి ఆంజనేయస్వామి గుళ్ళో భజనకు పోతాడు. అక్కడ ఒకే పల్లవి అరగంట సేపు చెక్క కొడుతూ అడుగేస్తాడు. విసుగన్న మాట ఎత్తడు, "ఇంకొక్క సుట్టు" అంటాడు. పగలంతా తిప్పిన మనిషే రాత్రి తిప్పుతున్నాడు. తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. గుళ్ళో ఆయన వింటూ కూర్చోలేదు, నలుగురితో కలిసి చేస్తున్నాడు. పైగా ఆ చేసేది ఎవరికీ గజాల లెక్కన అప్పజెప్పనక్కర్లేదు. ఈ సంగీతం వినేవాళ్ళకు విసుగు, చేసేవాళ్ళకు కాదు. అప్పటి నుంచి నేను కట్టేవన్నీ వాయించేవాళ్ళ కోసమే కడుతున్నాను. వినేవాళ్ళుంటే సంతోషం, లేకున్నా నష్టం లేదు.

మొదట మా చెక్కభజన జట్టుకు ఎక్కించింది నాది కాదు, రైష్‌దే. 1972లో ఏ వాద్యమూ మోసుకుపోనక్కర్లేని సంగీతం కావాలని ఆయన ఇద్దరు మనుషుల చప్పట్లకు ఒక ముక్క రాశాడు. ‘క్లాపింగ్ మ్యూజిక్’. పన్నెండు మాత్రలు, అందులో ఎనిమిది చప్పట్లు, నాలుగు ఖాళీలు. నేను మావాళ్ళకు ఇట్లా సొల్లు కట్టి చెప్పాను.

త త త ఉం, త త ఉం, త ఉం, త త ఉం.

నాలుగు, మూడు, రెండు, మూడు. కూడితే పన్నెండు. ‘ఉం’ దగ్గర చెయ్యి ఊరుకోవాలి. ఒకడు ఇదే చివరిదాకా కొడుతూ ఉంటాడు. రెండోవాడు కొన్ని చుట్లు కలిసి కొట్టి, తర్వాత ఒక్క మాత్ర జరుగుతాడు. మళ్ళీ కొన్ని చుట్లు, మళ్ళీ ఒక్క మాత్ర. పన్నెండుసార్లు జరిగేసరికి తిరిగి మొదటివాడితో కలుస్తాడు. అంతే ముక్క. ఆడించేందుకు అయిదు నిమిషాలు చాలు, పట్టుబడేందుకు ఒక వానాకాలం పట్టింది.

రైష్ రాసింది ముందుకు జరగడం. మాకు అది పొసగలేదు. ముందుకు జరగాలంటే ఒక దెబ్బ మింగాలి, భజన చేసేవాడికి దెబ్బ మింగడమంటే తాళం తప్పడమే. అందుకని తిరగేశాను. ఒక్క మాత్ర ఊరకుండి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోమన్నాను. వెనక్కి తగ్గడం మావాళ్ళకు తేలికగా వచ్చింది. ముందుకు పోయినా వెనక్కి తగ్గినా పన్నెండో జరుగుడుకు కలిసేది ఖాయం.

చెక్కభజన చెక్కలు తెలిసినవాళ్ళకు ఒక సంగతి అర్థమవుతుంది. చప్పట్లకన్నా చెక్కలతో ఇది కష్టం. వాటిలో బిళ్ళలుంటాయి, చెక్క ఆగినా బిళ్ళ ఆగదు, ‘ఉం’ దగ్గర గలగలమంటుంది. ఖాళీ వినపడకపోతే రెండు జట్లు విడిపోయినట్టే తెలియదు. కొందరు బిళ్ళల మధ్య గుడ్డపేలిక దోపారు. అది నచ్చక చివరికి చెక్కల్ని పొట్టకు ఆనించి ఆపడం అలవాటు చేశాం.

రెండో కష్టం చెవి. పక్కజట్టు దరువు ఈ జట్టును లాగేసుకుంటుంది. అయిదో జరుగుడు దగ్గర ఇంచుమించు ప్రతిసారీ రెండు జట్లూ తెలియకుండానే కలిసిపోయేవి. దీనికి మందు కాళ్ళలో దొరికింది. నాలుగు గుంపుల మొదటి దెబ్బల మీద, అంటే 1, 5, 8, 10 మాత్రల మీద, కుడికాలు వెయ్యమన్నాను. భజనలో పెరిగినవాడు చెయ్యి తప్పుతాడేమో గానీ అడుగు తప్పడు. అడుగు పట్టుకున్నాక చెవి ఎవరెంత లాగినా రాలేదు. మరో లాభం కూడా కలిగింది. రెండు వరసలు ఎదురెదురుగా నిలబడి వాయిస్తుంటే, ఒక వరస కాళ్ళు పడినచోట రెండో వరస కాళ్ళు లేస్తుంటాయి. చెవికి అందనివాళ్ళకు కంటికి అందుతుంది. న్యూయార్క్‌లో ఇద్దరు నిలబడి చప్పట్లు కొట్టేటప్పుడు ఈ సొగసు ఉండదు, ఆ మాట అనడానికి నేను మొహమాటపడను.

గుడి అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ముసలి భజన గురువు ఒకాయన "మా కాలంలో ఇట్ల కొట్టింటే గురువు అదే చెక్కతో నెత్తిన కొడ్తాండె" అన్నాడు. అని, రెండో చుట్టుకు తనూ తొడ మీద తాళం వేశాడు.

టెర్రీ రైలీ 1964లో కట్టిన ‘ఇన్ సి’ ఎక్కించబోయినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అందులో 53 చిన్న చిన్న ముక్కలు. ఎంతమందైనా, ఏ వాద్యమైనా వాయించవచ్చు. ఒక్కో ముక్కను ఎవడికి తోచినన్నిసార్లు వాడు వాయించి తర్వాతిదానికి పోవాలి, మిగతావాళ్ళకు మరీ దూరం పోకుండా. షడ్జం మాత్రం ఒకరు ఆపకుండా కొడుతూ ఉంటారు. నేను దాని నమూనాలో చెక్కలకు, తాళాలకు, రెండు పెట్టెలకు పన్నెండు ముక్కలు కట్టాను. స్వరాలు కష్టం కాలేదు. ‘నీకు తోచినప్పుడు మారు’ అన్న మాటే ఎవరికీ మింగుడుపడలేదు.

"గురువు జెప్పకుండ మేమెట్ల మారేదన్నా?"

భజనలో గురువు ఈల ఊదితేనో, చెయ్యెత్తితేనో అందరూ ఒకేసారి అడుగు మారుస్తారు. అదే దాని అందం. అదే క్రమశిక్షణ. ఎవడికి వాడు మారడమంటే వాళ్ళ దృష్టిలో జట్టు చెడిపోవడం. ఎంత చెప్పినా నా కళ్ళలోకి చూస్తూ నిలబడేవాళ్ళు. దీన్ని నేను బలవంతం చేయలేదు. కానీ ఊళ్ళో ఆడవాళ్ళ కోలాటం జట్టుకు ఇచ్చి చూస్తే వాళ్ళకు తొందరగా వచ్చేసింది. కోలాటంలో కోపు మారేటప్పుడు కళ్ళు గురువు మీద కన్నా ఎదురుగా ఉన్న ఉద్ది మీద ఉంటాయి. ఎదుటామె భుజం కదిలితే ఈమెకు తెలుస్తుంది. రైలీ అడిగింది అదే. పక్కవాళ్ళను వింటూ మారమన్నాడు. నా అనుభవంలో ఆ పన్నెండు ముక్కలను వాళ్ళంత బాగా నడిపినవాళ్ళు లేరు. సగం మంది ఉదయం పత్తి తీయడానికి పోయివచ్చినవాళ్ళే.

ఒంటరిగా చేసుకునే పని ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరికీ నేర్పలేదు. రెండు హార్మోనియం పెట్టెలు పెట్టుకుని, రెంటిలో ఒకే షడ్జం పలికిస్తాను. ఒకదానిలో రీడు విప్పి, ఇత్తడి నాలుక కింద పలచటి రేకు దూర్చి, కొన దగ్గర సన్నటి ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్దుతాను. కొన దగ్గర రుద్దితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర రుద్దితే తగ్గుతుంది. ఎక్కువ రుద్దితే నాలుక పాడైపోతుంది, ఇంకొకటి కొనాల్సిందే. ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 441 సార్లు కంపిస్తే సెకనుకొక అల లేస్తుంది. తేడా ఇంకా తగ్గిస్తే అల ఇంకా నెమ్మదిస్తుంది. తిత్తి ఒత్తిడి మారితే అల కూడా మారుతుంది. ఆ అల మీదే ఇరవై నిమిషాల ముక్క కట్టుకున్నాను, స్వరం మారకుండా. పెట్టెలు బాగుచేసే మేస్త్రీ అది విని, "శ్రుతి కలిపేదానికి డబ్బులు తీసుకుంటాం గానీ, చెడగొట్టేదానికి ఎంత తీసుకోవాల్నో తెలీదు సార్" అన్నాడు.

ఆ షడ్జం ఎక్కడ పెట్టాలన్నది కూడా ఊరే చెప్పింది. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ రాత్రిళ్ళు గుయ్ మంటుంది. మన దేశంలో కరెంటు 50 సైకిళ్ళది, దాని మోత అందుకు రెండింతలు, సెకనుకు 100. మన శ్రుతుల లెక్కలో అది ఐదు శ్రుతికి కాస్త పైన, ఐదున్నరకు కింద. పెట్టె మీద ఏ మెట్టుకూ సరిగ్గా దొరకదు. లా మాంట్ యంగ్ చిన్నప్పుడు కరెంటు స్తంభాల మోత వింటూ పెరిగినవాడు. తర్వాత తన బృందాన్నంతా అమెరికా కరెంటు 60 సైకిళ్ళ మోతకే శ్రుతి చేసుకున్నాడు. నేను 50 సైకిళ్ళవాణ్ణి. రీడు రుద్ది ఆ మోతకు తెచ్చుకున్నాను. కరెంటు పోతే నా ముక్కకు తంబూరా పోయినట్టే. మా ఊళ్ళో అది అరుదు కాదు.

తంబూరా అంటే గుర్తొచ్చింది. ఈ అమెరికా వాళ్ళలో యంగ్, రైలీ ఇద్దరూ 1970లో అక్కడికి వెళ్ళిన పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యులై, ఏళ్ళ తరబడి ఆయన వెనక తంబూరా మీటుతూ కూర్చున్నారు. ప్రాణ్‌నాథ్ కిరానా ఘరానా గాయకుడు. ఒక్క స్వరం మీద నిలబడి, దాన్ని తొందరపడకుండా విప్పే పద్ధతి వాళ్ళది. ఆ ఘరానాను దక్కన్‌కు తెచ్చిన అబ్దుల్ కరీంఖాన్ మిరజ్‌లో స్థిరపడ్డాడు. ఆయన శిష్య పరంపరలోని భీమ్‌సేన్ జోషీది గదగ్. రాయచూరు, బళ్ళారి సరిహద్దున ఉన్న ఆదోని చెవికి ఈ గొంతులు పరాయివి కావు. ఇళ్ళల్లో కన్నడ దాసకవి విజయదాసు పదాలు హిందుస్తానీ బాణీలోనే వినపడతాయి. ఆ దాసు 1755లో తనువు చాలించిన చిప్పగిరి మా జిల్లాలోదే. న్యూయార్క్ వాళ్ళు అంత దూరం వెతుక్కున్న సరుకు మాకు రైల్లో పోయే దూరంలోనే ఉంది. అయినా మా సంగీతం మాస్టర్లలో చాలామంది పిల్లల్ని కీర్తనకూ పోటీకీ తయారుచేసే తొందరలో తంబూరా ఎదుట ఊరకే పది నిమిషాలు కూర్చోనివ్వరు. ఫోనులో శ్రుతి యాప్ పెట్టి, అది కలిసిందో లేదో వినకుండానే ‘స రి గ మ’ అంటారు. ఇది నాకు నచ్చని సంగతి. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని మొదట కూర్చోబెట్టి శ్రుతి వినిపిస్తాను. తల్లిదండ్రులు కొందరు మానిపించి వేరే మాస్టరు దగ్గర చేర్పించారు కూడా.

ఈ పనిని అమ్మడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఒకసారి ఒక రికార్డింగు వాళ్ళకు భక్తిపాట ట్రాకు కట్టి ఇస్తూ, చరణానికి చరణానికి నడుమ ఉత్త తాళాలు, ఒక పంచమం మాత్రం వదిలాను. పాట విడుదలయ్యాక వింటే ఆ జాగా నిండా వయొలిన్లు, వేణువు, ఉరుము శబ్దం పోసి ఉన్నాయి. "ఖాళీగా ఉంటే జనం ఫోను మారుస్తారు సార్" అన్నారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. అప్పటి నుంచి ట్రాకులు కట్టేటప్పుడు వాళ్ళకు కావాల్సినంత నింపేస్తాను. నా ముక్కలు మాత్రం ఎవరికీ ట్రాకుగా ఇవ్వను.

రాసిపెట్టడం మాత్రం మానలేదు. అచ్చు స్వరలిపిలో రాస్తే భజన జట్టుకు పనికిరాదు, సొల్లుల్లోనే రాస్తాను. గళ్ళ నోటుబుక్కులో పన్నెండు గళ్ళు, దెబ్బకు చుక్క, ఖాళీకి ఖాళీ, కాలు పడేచోట గీత. చదువు రానివాళ్ళూ రెండు పూటల్లో చదవడం నేర్చారు. ఈ పద్ధతిలోనే ముసలి గురువుల దగ్గరున్న పాత అడుగులు, కోపులు రాసుకోవడం మొదలుపెట్టాను. వాటిలో కొన్ని నేను కట్టినవాటికన్నా, ఆ మాటకొస్తే రైష్ కట్టినవాటికన్నా చిక్కనివి. ఏడు మాత్రల దరువు మీద ఎనిమిది మాత్రల అడుగు నడిపే గురువులున్నారు. 56 మాత్రలకు ఒకసారి కలుస్తుంది. వాళ్ళు ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు, కాలు చెప్పిందంటారు. మీ ఊళ్ళో ఇట్లాంటివాళ్ళుంటే ఒక గళ్ళ పుస్తకం తీసుకుని పోయి పక్కన కూర్చోండి. ఫోనులో వీడియో తీస్తే కాళ్ళు కనపడతాయి గానీ ఏ దెబ్బకు ఏ అడుగో తర్వాత ఎవరికీ తెలియదు, అడిగి రాసుకోవాలి.

శివరాత్రి జాగరణకు మా రెండు జట్లు, చెక్కభజన వాళ్ళూ కోలాటం వాళ్ళూ, కలిసి రైలీ నమూనాలో నేను కట్టిన ఆ పన్నెండు ముక్కలు ఆడతారు. మొదలుపెట్టేది అర్ధరాత్రి దాటాక. ఎప్పుడు ముగుస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. చూడడానికి కుర్చీలు వేయించడం లేదు. వచ్చేవాళ్ళు వరసలో నిలబడాలి. చెక్కలు మా దగ్గర అదనంగా ఉన్నాయి, గజ్జెలు మాత్రం మీరు తెచ్చుకోండి.